వ్రత పుస్తకం డౌన్‌లోడ్ చేసుకున్నవారికి మనం ఏం రాయాలి?



శ్రావణ మాసానికి ముందు మన ఆలయ వెబ్‌సైట్‌లో వరలక్ష్మీ వ్రత విధానం పుస్తకాన్ని ఉచితంగా పెడుతున్నాం. కావలసినవారు పేరు, ఈమెయిల్ ఇస్తే పుస్తకం పీడీఎఫ్‌గా అందుతుంది. ఇంతవరకూ తేలికే. ఆ ఈమెయిల్ మన దగ్గరికి వచ్చాక దాంతో ఏం చేయాలన్నదే చిక్కు ప్రశ్న.

పుస్తకం ఇచ్చేశాం కదా, ఇంక వాళ్ళను కదపకూడదని కొందరి అభిప్రాయం. ఈమెయిల్ దొరికింది కాబట్టి ఆలయ ప్రకటనలూ, విరాళాల విజ్ఞప్తులూ అన్నీ వాళ్ళకీ పంపాలని మరికొందరి అభిప్రాయం. మొదటి పద్ధతిలో, పుస్తకం తెరిచి మధ్యలో ఆగిపోయిన మనిషికి అడగడానికి ఎవరూ ఉండరు. రెండో పద్ధతిలో, వ్రతం చేసుకుందామని వచ్చిన మనిషికి వారం తిరక్కుండా నాలుగు చందా ఉత్తరాలు అందుతాయి.

పేరంటానికి వచ్చిన ముత్తైదువకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి పంపుతాం. గుమ్మంలోనే రసీదు పుస్తకం తెరవం. ఈమెయిల్‌కీ అదే మర్యాద వర్తిస్తుంది. వ్రతం కోసం ఈమెయిల్ ఇచ్చినవారికి వ్రతం సవ్యంగా పూర్తయ్యేదాకా సాయపడాలి. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే. ఈ పని ఎలా చేయవచ్చో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ వ్యాసంలో చూద్దాం.

పుస్తకం ఎవరికి కావాలి?

మన సభ్యుల్లో చాలామందికి ఈ పుస్తకంతో పనిలేదు. ఇంట్లో అమ్మ రాసిచ్చిన నోటు పుస్తకమో, ఇండియా నుంచి తెచ్చుకున్న చిన్న పుస్తకమో ఉంటుంది. వెబ్‌సైట్‌లో వెతికేవారు వేరు. పెళ్ళయి వచ్చి అత్తగారు దగ్గర లేకుండా మొదటిసారి వ్రతం పడుతున్న అమ్మాయి ఒకరు. యూనివర్సిటీలో చదువుకుంటూ ముగ్గురు రూమ్మేట్లతో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న విద్యార్థిని ఒకరు. ఏ గుడికి వెళ్ళాలన్నా మూడు గంటలు కారులో ప్రయాణం చేయాల్సిన ఊళ్ళో ఉన్న కుటుంబం ఒకటి. ఇక్కడే పుట్టి పెరిగి, తెలుగు మాట్లాడగలిగినా చదవలేని మన పిల్లలు మరికొందరు.

వీళ్ళలో ఎక్కువమంది మన సభ్యులు కారు, మన ఊరివారు కూడా కాకపోవచ్చు. అందుకే పుస్తకాన్ని తెలుగు లిపిలో ఒకటి, అవే మంత్రాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి, రెండు విధాలుగా ఇవ్వాలి. తెలుగు ఫాంటును పీడీఎఫ్‌లోనే పొదగాలి. లేకపోతే కొన్ని ఫోన్లలో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. పూజ మధ్యలో ఆ డబ్బాలు చూసి ఎవరూ మంత్రం చదవలేరు.

ఫారంలోనే మాట స్పష్టంగా ఉండాలి

తర్వాత పంపే ఉత్తరాలకు పునాది ఫారం దగ్గరే పడుతుంది. పుస్తకం అడిగిన చోట రెండు విషయాలు విడివిడిగా చెప్పాలి. ఒకటి: “పుస్తకంతోపాటు వ్రతం అయ్యేలోపు మూడు ఉత్తరాలు, అయ్యాక ఒకటి పంపుతాం.” రెండు: “ఆలయ వార్తలు కూడా పంపమంటారా?” ఈ రెండో ప్రశ్నకు పక్కన ఖాళీ గడి ఉండాలి. టిక్కు వాళ్ళే పెట్టాలి. మనం ముందే టిక్కు పెట్టి ఉంచడం మర్యాద కాదు. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఐరోపా జీడీపీఆర్ నిబంధనల ప్రకారం ముందే టిక్కు పెట్టిన గడి అసలు సమ్మతి కిందకే రాదు. కెనడాలో 2014 జూలై 1 నుంచి సొంత స్పామ్ నిరోధక చట్టం ఉంది, అదీ సమ్మతి మీదే ఆధారపడింది. మన పుస్తకం లండన్‌లోనో టొరంటోలోనో ఉన్నవారు కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కాబట్టి అందరికీ ఒకే పద్ధతి పెట్టుకోవడం తేలిక.

ఫోన్ నంబరు, గోత్రం, ఇంటి అడ్రసు అడగకండి. పుస్తకం పంపడానికి అవి అక్కర్లేదు. ఏ నగరంలో ఉంటున్నారో మాత్రం అడగవచ్చు, ఎందుకో కింద చెబుతాను. ఈమెయిల్ తప్పుగా టైపు చేసేవారు ఉంటారు, ఇంకొకరి ఈమెయిల్ ఇచ్చేవారూ ఉంటారు. అందుకే ఆలయ వార్తలకు టిక్కు పెట్టినవారికి ముందుగా “ఇది మీరేనా? అయితే ఈ లింకు నొక్కండి” అని ఒక చిన్న ఉత్తరం పంపి, వాళ్ళు నొక్కాకే జాబితాలో చేర్చడం మంచి అలవాటు.

ఐదు ఉత్తరాలు

మొదటి ఉత్తరం వెంటనే వెళ్ళాలి. ఫారం నింపిన మనిషి ఫోను చేతిలో పట్టుకుని ఎదురుచూస్తుంటారు. పైన ఆలయ చరిత్ర, కమిటీ పేర్లు పెట్టి పుస్తకం లింకును అడుగున దాచకూడదు. ఇలా ఉంటే చాలు:

“నమస్కారం. మీరు అడిగిన వరలక్ష్మీ వ్రత విధానం ఇదిగో. తెలుగు లిపిలో ఒక లింకు, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక లింకు ఇచ్చాం. వ్రతం అయ్యేలోపు ఇంకో మూడు ఉత్తరాలు, అయ్యాక ఒకటి పంపుతాం. అక్కర్లేదనుకుంటే కింద ‘ఆపేయండి’ అన్నది నొక్కండి. ఏ సందేహమున్నా ఈ ఉత్తరానికే జవాబు రాయండి, మా వలంటీరు చూసి చెబుతారు.”

సబ్జెక్టు లైనులో “మీరు అడిగిన వరలక్ష్మీ వ్రత విధానం” అని ఉన్నది ఉన్నట్టు రాయండి. పంపినవారి పేరు దగ్గర ఆలయం పేరు కనిపించాలి. జవాబు రాయడానికి వీల్లేని ‘నో రిప్లై’ అడ్రసు నుంచి పంపితే సందేహాలు అడగమన్న మాటకు అర్థం ఉండదు. పుస్తకాన్ని ఉత్తరానికి తగిలించి పంపడం కంటే లింకు ఇవ్వడం మేలు. పెద్ద ఫైలు ఉన్న ఉత్తరాలు కొన్ని మెయిల్‌బాక్సుల్లోకి చేరవు. పైగా పుస్తకంలో అచ్చుతప్పు దిద్దితే, లింకు ఉన్నవారందరికీ దిద్దిన ప్రతే దొరుకుతుంది.

రెండో ఉత్తరం సామగ్రి గురించి. వ్రతానికి రెండు వారాల ముందు అందితే ఉపయోగం. కలశం, కొబ్బరికాయ, జాకెట్టు ముక్క, పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్కలు, మామిడాకులు, తోరాలకు దారం. తొమ్మిది పోగులు, తొమ్మిది ముళ్ళు అని గుర్తుచేయండి. ఇండియన్ స్టోరులో ఆ వారం తమలపాకులూ, మామిడాకులూ ముందే అయిపోతాయి కాబట్టి ఏది ముందు కొనాలో, ఏది దొరక్కపోయినా ఫరవాలేదో పూజారిగారిని అడిగి రాయాలి. ఈ దేశానికి ప్రత్యేకమైన జాగ్రత్తలు కూడా ఇందులోనే చెప్పాలి. అపార్ట్‌మెంట్‌లో స్మోక్ అలారం కింద కర్పూర హారతి ఇస్తే బిల్డింగంతా మోగవచ్చు. యూనివర్సిటీ డార్మిటరీల్లో సాధారణంగా మంట వెలిగించనివ్వరు. అక్కడ ఉండే పిల్లలు బ్యాటరీ దీపం పెట్టుకోవచ్చా అని మొహమాటపడుతూ ఉంటారు, ఎవరినీ అడగలేరు. వాళ్ళు అడగకముందే జవాబు చెబితే ఆ ఉత్తరం వాళ్ళకు గుర్తుండిపోతుంది.

మూడో ఉత్తరం సమయం గురించి. వాట్సాప్‌లో ఇండియా నుంచి వచ్చిన క్యాలెండరు చూసి తికమకపడేవారు చాలామంది. తిథి మారే క్షణం ప్రపంచమంతటా ఒక్కటే, గడియారంలో అంకె మాత్రం ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాదులో శుక్రవారం ఉదయం 7 గంటలకు ఒక తిథి పూర్తయిందనుకోండి. వేసవి సమయం నడుస్తున్న న్యూయార్క్‌లో అది గురువారం రాత్రి 9:30. అంటే న్యూయార్క్‌లో శుక్రవారం సూర్యోదయానికే తర్వాతి తిథి ఉంటుంది. వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం కాబట్టి చాలా ఏళ్ళు తేడా రాదు. పౌర్ణమి శుక్రవారానికి దగ్గరగా పడిన ఏడు మాత్రం ఏ శుక్రవారమన్న ప్రశ్న వస్తుంది. మన ఆలయంలో ఏ తేదీన చేస్తున్నామో ఉత్తరంలో స్పష్టంగా రాయాలి.

రాహుకాలం విషయంలోనూ ఇదే తికమక. శుక్రవారం 10:30 నుంచి 12 వరకు అని మనందరికీ నోటికి వచ్చు. అది ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా పగలు ఉన్న లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే శుక్రవారం నాలుగో భాగం రాహుకాలం. ఆగస్టులో మీ ఊళ్ళో 6 గంటలకు సూర్యోదయం, రాత్రి 8 గంటలకు అస్తమయం అయితే పగలు 14 గంటలు, ఒక్కో భాగం 105 నిమిషాలు. అప్పుడు రాహుకాలం 11:15 నుంచి 1 గంట వరకు. ఫారంలో నగరం పేరు అడగమన్నది ఇందుకే. డల్లాస్‌లో ఉన్నవారికి డల్లాస్ సమయం, న్యూజెర్సీలో ఉన్నవారికి న్యూజెర్సీ సమయం పంపవచ్చు. శుక్రవారం ఆఫీసుకు వెళ్ళేవారు సాయంత్రం చేసుకోవచ్చా అన్న ప్రశ్నకు కూడా పూజారిగారి జవాబు ఇక్కడే పెట్టండి.

నాలుగో ఉత్తరం గురువారం. పుస్తకం లింకు మళ్ళీ ఇవ్వాలి, ఎందుకంటే మొదటి ఉత్తరం ఎక్కడుందో అప్పటికి దొరకదు. దాంతోపాటు పూజ వరుస ఒక్క పేజీలో: రాత్రికే చేసి పెట్టుకోవలసినవి, ఉదయం చేయవలసినవి. ఇంట్లో వీలుకానివారికి ఆలయంలో సామూహిక వ్రతం ఏ సమయానికో ఒక వాక్యం. ఇక వేరే సంగతులేవీ వద్దు.

ఐదో ఉత్తరం వ్రతమయ్యాక మూడు నాలుగు రోజులకు. “వ్రతం బాగా జరిగిందనుకుంటున్నాం. పుస్తకంలో ఎక్కడైనా ఇబ్బంది పడ్డారా?” అని ఒకే ఒక్క ప్రశ్న. పది ప్రశ్నల సర్వే పెడితే ఎవరూ నింపరు. ఒక్క ప్రశ్న అడిగితే “అథాంగ పూజ దగ్గర ఏ నామానికి ఎక్కడ పూలు వేయాలో అర్థం కాలేదు” అని రాస్తారు. వచ్చే ఏడాది పుస్తకాన్ని మెరుగుపరిచేది అలాంటి జవాబులే. మొదట్లో ఆలయ వార్తలకు టిక్కు పెట్టనివారిని ఈ ఉత్తరంలోనే ఒక్కసారి అడగవచ్చు. కాదంటే, లేదా జవాబే ఇవ్వకపోతే, అక్కడితో ఆపేయాలి.

రోజుల లెక్కతో పంపితే తప్పుతుంది

ఈమెయిల్ పంపే సాఫ్ట్‌వేర్లన్నీ మామూలుగా రోజుల లెక్క మీద నడుస్తాయి: పేరు ఇచ్చిన రోజు ఒకటి, రెండు రోజులకు మరొకటి, వారానికి ఇంకొకటి. వంటల పుస్తకానికో, వ్యాయామ పాఠాలకో ఆ లెక్క సరిపోతుంది. వ్రతానికి సరిపోదు. గురువారం రాత్రి 10 గంటలకు పుస్తకం డౌన్‌లోడ్ చేసుకున్న మనిషికి శనివారం ఉదయం “తమలపాకులు కొన్నారా?” అని ఉత్తరం వెళ్తే నవ్వుకుంటారు, లేదా నొచ్చుకుంటారు.

అందుకే ఉత్తరాలను వ్రతం తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. రెండు వారాల కంటే ముందే పుస్తకం తీసుకున్నవారికి ఐదూ వెళ్తాయి. మూడు రోజులకూ రెండు వారాలకూ మధ్య తీసుకున్నవారికి సామగ్రి, సమయం రెండూ కలిపి ఒకే ఉత్తరం. మూడు రోజుల లోపు వచ్చినవారికి మొదటి ఉత్తరంలోనే పూజ వరుస, ఆ ఊరి సమయం, దొరకని సామగ్రికి మార్గం, అన్నీ. వ్రతం దాటిపోయాక వచ్చినవారికి శ్రావణంలో మిగిలిన శుక్రవారాల్లో చేసుకోవడం గురించి పూజారిగారి మాట ఒకటి. ఎన్ని ఉత్తరాలు వస్తాయో మొదట చెప్పే అంకె కూడా దీన్ని బట్టే మారాలి.

ఇంకొక జాగ్రత్త. ఆలయ వార్తలకు టిక్కు పెట్టినవారికి కూడా ఈ ఐదు ఉత్తరాలు పూర్తయ్యేదాకా వార్తలు ఆపి ఉంచాలి. ఒకే రోజున సామగ్రి జాబితా, సాంస్కృతిక కార్యక్రమం టికెట్ల ప్రకటన రెండూ చేరితే రెండూ చదవరు.

విరాళం మాట ఎప్పుడు?

ఆలయానికి విరాళాలు అవసరం. అందులో దాపరికం ఏమీ లేదు. అద్దె, కరెంటు, పూజారుల జీతాలు, అన్నదానం, అన్నిటికీ భక్తుల చేయూతే ఆధారం. అయినా ఈ ఐదు ఉత్తరాల్లో విరాళం అడగవద్దని నా మనవి. పుస్తకం ఉచితం అన్నాం. ఆ మాట వెనకే చెయ్యి చాపితే ఉచితం అన్న మాట విలువ పోతుంది. ఆలయ వార్తలు కావాలని తమంతట తాము చెప్పినవారికి దసరాకో, కార్తీక మాసానికో అందరితోపాటు విజ్ఞప్తి వెళ్తుంది. అప్పటికి ఆలయం వాళ్ళకు కొత్త కాదు, వ్రతం నాడు తోడు నిలిచిన చోటు.

‘ఆపేయండి’ అన్నవారిని వెంటనే వదిలేయాలి

అమెరికాలో 2004 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న కాన్-స్పామ్ చట్టం వాణిజ్య ఈమెయిళ్ళకు కొన్ని నియమాలు పెట్టింది. సబ్జెక్టు లైను మోసపుచ్చేదిగా ఉండకూడదు. పంపినవారి తపాలా చిరునామా ఉండాలి. వద్దనడానికి దారి చూపాలి. వద్దన్నవారిని 10 పని దినాల లోపు జాబితా నుంచి తీసేయాలి. తీసేయడానికి రుసుము అడగకూడదు. లాభాపేక్ష లేని సంస్థ అయినంత మాత్రాన మినహాయింపు రాదు. టికెట్లు అమ్మే ఉత్తరం పంపితే మనకూ ఇవే నియమాలు.

చట్టం కంటే గట్టిగా పనిచేసేది మెయిల్‌బాక్సుల లెక్క. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు బిగించాయి. ఉత్తరం నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం ఏర్పాట్లలో కనీసం ఒకటి మన డొమైనుకు ఉండాలి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు పంపేవారికి ఆ రెండూ, డీమార్క్, ఒక్క నొక్కుతో వద్దనే బటన్ కూడా తప్పనిసరి. ‘ఇది స్పామ్’ అని నొక్కేవారు 0.3 శాతానికి చేరకూడదని గూగుల్ అంటోంది, 0.1 శాతం లోపే ఉంచుకోమని సలహా ఇస్తోంది. 0.3 శాతమంటే వెయ్యి ఉత్తరాలకు ముగ్గురు.

ఆ ముగ్గురి ప్రభావం వాళ్ళతో ఆగదు. స్పామ్ ముద్ర మన డొమైను మీద పడితే అందరికీ వెళ్ళే ఉత్తరాలూ పక్కదారి పడతాయి. వైకుంఠ ఏకాదశి నాడు మంచు తుఫాను వచ్చి ఆలయం తెరవడం లేదని ఉదయం 4 గంటలకు పంపిన ఉత్తరం స్పామ్ ఫోల్డరులో పడుంటే, పెద్దవాళ్ళను కారులో ఎక్కించుకుని ఆ మంచులో ఎవరో ఒకరు బయల్దేరతారు. వద్దన్నవారిని మొహమాటపెట్టకుండా వదిలేయడం మిగతావారి క్షేమం కోసం కూడా. కాబట్టి ‘ఆపేయండి’ అన్నది ఉత్తరం అడుగున కళ్ళకు కనిపించే సైజులో ఉండాలి. “ఎందుకు వెళ్ళిపోతున్నారు?” అని నిలదీసే పేజీలు వద్దు.

జాబితా ఎవరికీ ఇవ్వకూడదు

ఇది కాస్త మొహమాటమైన సంగతి. మనలో రియల్ ఎస్టేట్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ పనులు చేసేవారు ఉన్నారు. ఆలయానికి ఎంతో చేసినవారూ వాళ్ళలో ఉన్నారు. “కొత్తగా వచ్చినవాళ్ళే కదా, ఒకసారి పరిచయం చేసుకుంటాను, ఆ ఈమెయిళ్ళు ఇవ్వండి” అని వలంటీర్లను అడిగినప్పుడు కాదనడం కష్టం. అయినా కాదనాలి. వలంటీరు మీద ఆ భారం పడకుండా కమిటీయే ఒక తీర్మానం చేసి ఉంచితే, “అది కమిటీ నిర్ణయమండీ” అని మర్యాదగా చెప్పవచ్చు. జాబితాను ఇద్దరు ముగ్గురు మాత్రమే చూడగలిగేలా పెట్టాలి. వాట్సాప్ గ్రూపులో ఎక్సెల్ ఫైలుగా తిప్పకూడదు. అందరి అడ్రసులూ ‘టు’ గడిలో పెట్టి ఒకే ఉత్తరం పంపడం కూడా జాబితా పంచిపెట్టడంతో సమానమే.

ఏ లెక్క చూడాలి?

ఎంతమంది ఉత్తరం తెరిచారో సాఫ్ట్‌వేరు ఒక శాతం చూపిస్తుంది. దాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా ఏర్పాటు వల్ల మనిషి చదవకపోయినా తెరిచినట్టు లెక్కలో పడవచ్చు. పుస్తకం లింకు ఎంతమంది నొక్కారు, ఎంతమంది జవాబు రాశారు, ఎంతమంది ఆపేయమన్నారు, ఈ మూడూ చూడండి. వీటిలోనూ జవాబులే ముఖ్యం.

ఆ జవాబులు చదివి తిరిగి రాసే మనిషి ఉండాలి. ఉత్తరాలు తమంతట తాము వెళ్ళేలా ఒకసారి పెడితే చాలు, జవాబులు మాత్రం తమంతట తాము రాసుకోవు. వ్రతానికి ముందు పది రోజులు రోజుకు ఒక అరగంట కేటాయించగల వలంటీర్లు ఇద్దరు, పూజా విషయాలు తెలిసిన పెద్దలు ఒకరు కావాలి. సంబంధిత ప్రశ్నలను పూజారిగారి దగ్గరికి ఒకేసారి తీసుకెళ్ళి అడిగితే ఆయన సమయం కూడా కలిసివస్తుంది. పుస్తకాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చడానికి, ఒక్కో నగరానికి సమయాలు సరిచూడటానికి మన యువ సభ్యులు ముందుకు వస్తే ఇంకా మంచిది.

సాయం చేయాలనుకునేవారు ఆలయ కార్యాలయంలో పేరు ఇవ్వండి. మొదటి ఉత్తరం ఆషాఢంలోనే సిద్ధం కావాలి. శ్రావణం వచ్చాక ఎవరికీ తీరిక ఉండదన్న సంగతి మీ అందరికీ తెలిసిందే.